రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీజీ సీటు: దరఖాస్తు నుంచి చేరే రోజు దాకా ఏం చేయాలి

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడగానే నా ఫోనుకు ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది: "సార్, ఎంత ర్యాంకు వస్తే యూనివర్సిటీలో సీటు వస్తుంది?" దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేను. సబ్జెక్టును బట్టి, కేటగిరీని బట్టి, ఆ ఏడాది ఎంతమంది రాశారన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. అయితే మంచి ర్యాంకు వచ్చి కూడా సీటు పోగొట్టుకున్న పిల్లలను ఏటా చూస్తున్నాను. వాళ్లలో చాలామంది పరీక్షలో వెనకబడినవాళ్లు కారు. అర్హత పట్టిక సరిగా చదవలేదు, లేదా సర్టిఫికెట్ వేళకు తెచ్చుకోలేదు, లేదా వెబ్ ఆప్షన్ల (ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో ఇచ్చే జాబితా) వరస తప్పుగా పెట్టారు. ఈ మూడూ మీ చేతిలో ఉన్న పనులే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తెలంగాణలో ఎంఏ, ఎంకాం, ఎంఎస్సీ వంటి కోర్సులకు సీపీగెట్ అనే ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. దాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తోంది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మా గాంధీ, పాలమూరు, శాతవాహన, మహిళా విశ్వవిద్యాలయం వంటి వాటిలో సీట్లు ఆ ఒక్క పరీక్ష ర్యాంకుతో నిండుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఇలాంటి ఉమ్మడి పరీక్షే ఏపీ పీజీసెట్ ఉంది. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఆచార్య నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, ఆదికవి నన్నయ మొదలైన విశ్వవిద్యాలయాలకు అదే దారి. పేర్లు వేరైనా నడక దాదాపు ఒకటే కాబట్టి రెండు రాష్ట్రాల వారికీ కలిపి చెబుతున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పదో తరగతి మెమో. మీ పేరు, పుట్టిన తేదీ ఎక్కడైనా ఇందులో ఉన్నట్టే ఉండాలి.
- ఇంటర్ మెమో, డిగ్రీ అన్ని సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్. ఇంకా రాకపోతే వచ్చినంతవరకు.
- తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు.
- కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, వర్తిస్తే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్.
- టీసీ.
- దరఖాస్తు రోజు నుంచి కాలేజీలో చేరే రోజు వరకు మారని ఫోను నంబరు ఒకటి. అది మీదే కావాలి, నెట్ సెంటర్ వారిది కాకూడదు.
- ఒక నోటు పుస్తకం. రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌వర్డు, గడువు తేదీలు అందులో రాసుకోండి.

1. నోటిఫికేషన్‌లో అర్హత పట్టికను మీరే చదవండి

స్నేహితుడు చెప్పాడని, సీనియర్ అన్నాడని ఊరుకోకండి. ప్రతి కోర్సుకూ డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివి ఉండాలో, ఎన్ని మార్కులు కావాలో పట్టికలో వరసగా ఇస్తారు. రెండు సంగతులు గమనించండి. మొదటిది, మీరు డిగ్రీలో చదవని సబ్జెక్టుల ఎంఏలకు కూడా అర్హత ఉండే అవకాశం ఉంది. బీఎస్సీ చదివినవారు సాంఘిక శాస్త్రాల వైపు, భాషల వైపు చూడవచ్చు. రెండోది, ఒకే ప్రవేశ పరీక్షతో ఒకటికి మించి కోర్సులకు పోటీ పడే వీలు కొన్నిచోట్ల ఉంటుంది. మీ పరీక్ష పేరు ఎదురుగా ఏయే కోర్సులు ఉన్నాయో అన్నీ రాసి పెట్టుకోండి. ఆప్షన్లు పెట్టే రోజున ఈ కాగితం అక్కరకొస్తుంది.

ఆఖరి సంవత్సరం చదువుతున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. అయితే సర్టిఫికెట్ల పరిశీలన నాటికి అన్ని పేపర్లూ పాసై ఉండాలి. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలినా ర్యాంకు ఎందుకూ పనికిరాదు. మిగిలి ఉన్నవారు ముందు దాని సంగతి చూడండి. ప్రవేశ పరీక్ష కోసం ఆ పేపరును పక్కన పెట్టడం నేను చూసిన తప్పుల్లో కెల్లా ఖరీదైన తప్పు.

2. ఒక్క సబ్జెక్టే రాయాలన్న నియమం లేదు

రెండో సబ్జెక్టుకు అదనపు రుసుము కట్టి రాయవచ్చు. పరీక్ష తేదీ, పూట ఒకదానితో ఒకటి ఢీకొనకుండా చూసుకోండి. నా సలహా ఏమిటంటే, ఒకటి మీరు ప్రాణం పెట్టి చదివే సబ్జెక్టు, రెండోది పోటీ తక్కువగా ఉండి మీకు కొంత పరిచయమున్న సబ్జెక్టు. మూడు, నాలుగు రాసి దేనికీ న్యాయం చేయనివారు చాలామంది.

3. సర్టిఫికెట్లు: పరీక్ష రాయకముందే మొదలుపెట్టండి

ఇక్కడ తొందర పడండి. ఫలితాలు వచ్చాక మీసేవకు వెళితే అప్పటికి ఊరంతా అక్కడే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాల దగ్గరా అదే పరిస్థితి.

కుల ధ్రువీకరణ పత్రం పాతదైనా, చేతిరాతతో ఉన్నదైనా కొత్తగా తీసుకోండి. దాని మీది నంబరును ఆన్‌లైన్‌లో నమోదు చేయమంటారు. ఆదాయ పత్రం తాజాది కావాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరానికి లెక్క కాబట్టి ఏప్రిల్ తర్వాత తీసుకున్నదై ఉండాలి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపున్నవారికి, ఇతర రిజర్వేషన్ల పరిధిలోకి రానివారికి ఇది వర్తిస్తుంది. ఈ 10 శాతం కోటా తమకు వర్తిస్తుందని తెలియక ఓపెన్ కేటగిరీలోనే పోటీ పడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

స్థానికత సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో, అంటే ఇక్కడ డిగ్రీతో, ముగిసే వరస నాలుగేళ్లు ఒకే స్థానిక ప్రాంతంలో చదివి ఉంటే స్థానికులవుతారు. అలా కుదరనివారికి ఏడేళ్ల లెక్క చూస్తారు. అందుకే తొమ్మిదో తరగతి నుంచి పత్రాలు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ప్రాంతాలు రెండు. ఉమ్మడి చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురం, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి. మిగిలిన కోస్తా జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి. దూరవిద్యలోనో, సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో డిగ్రీ చేసినవారికి స్టడీ సర్టిఫికెట్ దొరకదు. వాళ్లు తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి.

పక్క రాష్ట్రంలో చదవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. విభజన చట్టంలోని పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. మిగతా 15 శాతం సీట్లకు ఎవరు అర్హులో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూశాకే ఫీజు కట్టండి. అన్నయ్య అప్పట్లో చేరాడు కాబట్టి నాకూ వస్తుందనుకోవద్దు.

ఎన్‌సీసీ, క్రీడలు, సైనికోద్యోగుల పిల్లలు, దివ్యాంగుల కోటాల వారికి పత్రాల పరిశీలన వేరే రోజుల్లో జరుగుతుంది. సాధారణంగా అసలు పత్రాలతో స్వయంగా రమ్మంటారు. ఆ తేదీ దాటితే కోటా పోయినట్టే.

సరిచూసుకోవడం ఎలా? అన్ని పత్రాలూ బల్ల మీద వరసగా పరచండి. ప్రతి దానిలో మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వేలు పెట్టి చదవండి. మొన్నటి బ్యాచ్‌లో ఒక అబ్బాయికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కుల పత్రంలో పొడి అక్షరం మాత్రమే ఉంది, ఆధార్‌లో అసలు ఇంటిపేరే లేదు. మూడూ ఒకే రోజు చూశాం కాబట్టి సరిచేయించుకోవడానికి అతనికి నెల రోజులు దొరికాయి.

4. చదువు: ఆరు సెమిస్టర్ల పుస్తకాలే మీ గైడ్లు

రెండు పరీక్షల్లోనూ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ప్రశ్నలు డిగ్రీ సిలబస్ నుంచే వస్తాయి. సిలబస్ అధికారిక వెబ్‌సైట్‌లో సబ్జెక్టు వారీగా ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి ప్రతి యూనిట్ ఎదుట మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: వచ్చు, మసకగా వచ్చు, రాదు. "మసకగా వచ్చు" అన్న యూనిట్లతో మొదలుపెట్టండి. తక్కువ శ్రమకు ఎక్కువ మార్కులు అక్కడే దొరుకుతాయి.

మన డిగ్రీ పరీక్షలకు పెద్ద ప్రశ్నలు చదివి పేజీలు నింపడం అలవాటు. ఇక్కడ ఆ అలవాటు అడ్డం వస్తుంది. ఒక పాఠం చదవగానే మీరే పది చిన్న ప్రశ్నలు తయారుచేసి స్నేహితుణ్ని అడగండి, అతని ప్రశ్నలకు మీరు జవాబు చెప్పండి. రసాయన శాస్త్రమైతే చర్యకు ఉత్పన్నం ఏది, ఏ కారకం వాడతారు. చరిత్రయితే ఏ శాసనం ఎవరిది, ఏది ముందు ఏది వెనక. ఇద్దరు కలిసి చదివితే నెలలో వెయ్యి ప్రశ్నలు సులువుగా పోగవుతాయి.

పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. మాక్ టెస్ట్ ఒకటికి నాలుగుసార్లు రాయండి. ఫోనులో కాదు, మౌస్ ఉన్న కంప్యూటర్ మీద. పల్లె నుంచి వచ్చిన పిల్లలు మొదటి పది నిమిషాలు మౌస్‌తోనే కుస్తీ పడటం నాకు తెలుసు. అది తెలివికి సంబంధించిన లోపం కాదు, రెండు రోజుల సాధనతో పోతుంది.

5. పరీక్ష హాలులో

100 ప్రశ్నలకు 90 నిమిషాలంటే ప్రశ్నకు 54 సెకన్లు. మొదటి విడతలో చూడగానే తెలిసినవి పెట్టేయండి, 40 నిమిషాలు దాటకూడదు. రెండో విడతలో లెక్క, ఆలోచన అవసరమైనవి. చివరి పది నిమిషాల్లో మిగిలిన వాటిలో తప్పని తేలిన జవాబులను తీసేసి, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోండి. మార్కుల కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. స్క్రీన్ పక్కన జవాబివ్వని ప్రశ్నల సంఖ్య సున్నా అయిందో లేదో చూశాకే లేవండి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కోసం సీయూఈటీ పీజీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) కూడా రాస్తున్నవారు గుర్తుంచుకోండి: అక్కడ ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఇక్కడి పద్ధతి అక్కడ వాడితే దెబ్బ తింటారు.

6. ప్రాథమిక కీ వచ్చిన రోజే చూడండి

మీ జవాబు పత్రం, ప్రాథమిక కీ (పరీక్ష అయ్యాక ముందుగా విడుదల చేసే సరైన జవాబుల జాబితా) రెండూ దింపుకుని పోల్చుకోండి. కీలో తప్పుందని అనిపిస్తే పాఠ్యపుస్తకం పేజీ ఆధారంగా అభ్యంతరం పంపండి. గడువు చాలా తక్కువ ఉంటుంది. ఒక్క మార్కు తేడాతో పదుల సంఖ్యలో ర్యాంకులు మారిపోతాయి కాబట్టి ఈ పని చిన్నదని వదిలేయకండి.

7. వెబ్ ఆప్షన్లు: సీటు నిలిచేదీ జారేదీ ఇక్కడే

కంప్యూటర్ సీటు ఎలా ఇస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. అది ఒకటో ర్యాంకు నుంచి కిందికి వస్తుంది. మీ వంతు రాగానే మీ జాబితాలో మొదటి ఆప్షన్ చూస్తుంది. అక్కడ మీ కేటగిరీకి సీటు ఉంటే ఇచ్చేసి ఆగిపోతుంది. లేకపోతే రెండోది, మూడోది. అంతే. మీరు పదో ఆప్షన్‌గా పెట్టిన కాలేజీ మీకంటే వెనక ర్యాంకు వాళ్లకు పోదు. వాళ్ల వంతు మీ తర్వాతే వస్తుంది. కాబట్టి "రాదేమో" అన్న భయంతో మంచి కాలేజీని కిందికి నెట్టడం వల్ల మీకు నష్టమే తప్ప లాభం లేదు.

రెండేళ్ల కిందట రసాయన శాస్త్రంలో చక్కని ర్యాంకు తెచ్చుకున్న నా విద్యార్థిని ఒకామె ఒక నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టించుకుంది. మొత్తం ఐదే పెట్టారు. మొదటిది ఊరికి దగ్గరలోని ఒక ప్రైవేటు కాలేజీ, రెండోది విశ్వవిద్యాలయ ప్రాంగణం. "ముందు గ్యారంటీ సీటు పెట్టుకో అమ్మా" అన్నారట. గ్యారంటీ సీటే వచ్చింది. తన ర్యాంకుకు ప్రాంగణంలోనూ సీటు ఉందని అలాట్‌మెంట్ జాబితా చూశాక తెలిసింది. ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "మొదటిది కదా సార్ ఇచ్చింది, మరి తప్పెక్కడ జరిగింది?" అని అడిగింది. ఆమె అడిగిందే కంప్యూటర్ ఇచ్చింది. ఆ రోజు నుంచి మా పిల్లల చేత ఆప్షన్లు ముందు కాగితం మీద రాయించాకే కంప్యూటర్ ముందు కూర్చోబెడుతున్నాను.

మీరూ ఇలా చేయండి:

అ) మీ పరీక్షతో అర్హత ఉన్న అన్ని కోర్సులు, అన్ని కాలేజీలు కాగితం మీద దింపండి. ప్రధాన ప్రాంగణాలతో ఆగకండి. ఉస్మానియా అంటే ఆర్ట్స్ కాలేజీ, సైన్స్ కాలేజీ మాత్రమే అనుకుంటారు చాలామంది. నిజాం కాలేజీ, సైఫాబాద్ సైన్స్ కాలేజీ, సికింద్రాబాద్ పీజీ కాలేజీ కూడా దాని కిందివే. కాకతీయకు ఖమ్మంలో పీజీ కాలేజీ ఉంది. తెలంగాణ విశ్వవిద్యాలయానికి డిచ్‌పల్లితో పాటు భిక్కనూరులో దక్షిణ ప్రాంగణం, పాలమూరుకు గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆదికవి నన్నయకు రాజమహేంద్రవరంతో పాటు తాడేపల్లిగూడెంలో, కృష్ణా విశ్వవిద్యాలయానికి మచిలీపట్నంతో పాటు నూజివీడులో చదువుకునే వీలుంది. జిల్లా కేంద్రాల్లో పోటీ తక్కువ, ఇంటి నుంచి ప్రయాణమూ తక్కువ.

ఆ) ప్రతి దాని ఎదుట రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా (ఖర్చు విద్యార్థుల ఫీజుతోనే నడిచే కోర్సు) రాయండి. ఒకే ప్రాంగణంలో, ఒకే తరగతి గదిలో కూర్చున్నా ఈ రెండింటి ఫీజు వేరు. రెండింటికీ వేర్వేరు ఆప్షన్లు ఉంటాయి. తొందరలో ఒకటి బదులు ఇంకొకటి నొక్కడం తరచూ జరిగే తప్పు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవారు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు అది వర్తిస్తుందో లేదో అక్కడి స్కాలర్‌షిప్ విభాగంలో ముందే అడగండి.

ఇ) హాస్టల్ ఉందా అని రాయండి. మా దగ్గర చదివే పిల్లలకు సీటు కంటే హాస్టలే నిర్ణయిస్తుంది. ప్రాంగణంలో సీటు వచ్చి, బయట గది అద్దె కట్టలేక మానేసినవారు ఉన్నారు.

ఈ) నిరుటి విద్యార్థులను కనీసం ముగ్గురిని కనుక్కుని ర్యాంకు, కేటగిరీ, ఏ విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిందీ అడగండి. కేటగిరీ అడగకుండా ర్యాంకు మాత్రమే వింటే తప్పుదోవ పడతారు. ఆ అంకెలను బట్టి ఆశ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, కానీ ఆప్షన్ల వరస మాత్రం మార్చకండి. వరస మీ ఇష్టాన్ని బట్టే ఉండాలి.

ఉ) ఇప్పుడు వరస. పక్కపక్కన ఉన్న ఏ రెండు ఆప్షన్లనైనా తీసుకుని "ఈ రెండూ ఇస్తే ఏది తీసుకుంటాను?" అని ప్రశ్నించుకోండి. జవాబు పైనున్నది కాకపోతే తారుమారు చేయండి. జాబితా చివరిదాకా ఇలా దిగిరండి. వచ్చినా చేరను అనుకునే కాలేజీని అసలు పెట్టవద్దు. చేరతాను అనుకునేది ఒక్కటీ వదలవద్దు. ముప్పై ఆప్షన్లయినా ఫరవాలేదు.

ఊ) కంప్యూటర్‌లోకి ఎక్కించాక సేవ్ చేసి, ప్రింటు తీసి, కాగితం మీది జాబితాతో కోడ్ నంబరుతో సహా పోల్చండి. పోల్చేటప్పుడు ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి. గడువు ఆఖరి రోజు సర్వర్ నెమ్మదిస్తుంది కాబట్టి ఒక రోజు ముందే ముగించండి.

ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకండి. "మేమే ఆప్షన్లు పెడతాం, బస్సు ఫీజు ఉండదు, సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి" అంటూ ఇంటికి వచ్చేవాళ్లు ఉంటారు. టీసీ, అసలు మెమోలు ఒకసారి చేయి దాటితే తిరిగి తెచ్చుకోవడానికి ఎన్ని తిప్పలు పడాలో నాకు తెలుసు.

8. సీటు వచ్చాక

అలాట్‌మెంట్ ఆర్డర్ దింపుకుని కోర్సు, కాలేజీ, ఫీజు, చేరాల్సిన గడువు చూడండి. ఫీజు కట్టడమొక పని, కాలేజీకి వెళ్లి చేరడం మరో పని. ఫీజు కట్టేసి ఇంట్లో కూర్చుంటే సీటు రద్దవుతుంది.

ఇంకా మంచి సీటు కోసం రెండో విడతకు వెళ్లాలనుకుంటే, వచ్చిన సీటును నిబంధన ప్రకారం నిలుపుకునే దిగండి. రెండో విడతలో కొత్త సీటు వస్తే సాధారణంగా పాతది దానంతటదే పోతుంది. కాబట్టి అప్పుడు ఇప్పటి సీటుకంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టాలి. మొదటి విడత జాబితానే మళ్లీ దించేసి, ఉన్నదానికంటే దిగువ సీటు తెచ్చుకున్నవారు ఉన్నారు.

అసలు పత్రాలు ఇచ్చేముందు అన్నిటికీ మూడేసి జిరాక్స్ సెట్లు, ఫోనులో స్పష్టమైన స్కాన్లు ఉంచుకోండి. ఏయే పత్రాలు తీసుకున్నారో రాసిన రశీదు అడిగి తీసుకోండి.

9. మొదటి విడతలో రాకపోతే

తర్వాతి విడతకు ఆప్షన్లు మళ్లీ కొత్తగా పెట్టాలి, పాతవి చెల్లుతాయనుకుని ఊరుకోకండి. చేరనివారి సీట్లు, వేరే చోటికి మారినవారి సీట్లు అప్పుడు ఖాళీ అవుతాయి. అన్ని విడతలూ అయ్యాక కొన్నిచోట్ల స్పాట్ అడ్మిషన్లు (మిగిలిన సీట్లను అక్కడికక్కడే ఇవ్వడం) పెడతారు. వాటికి మామూలుగా ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, మొత్తం ఫీజు మీరే కట్టాల్సి వస్తుంది. చేరేముందు రెండేళ్ల ఖర్చూ ఇంట్లో కూర్చుని లెక్క వేయండి.

అప్పటికీ రాకపోతే, ఉద్యోగం చేసుకుంటూ, తెలంగాణవారైతే డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో, మరో దూరవిద్యా కేంద్రంలోనో చేరవచ్చు. ప్రయోగశాల అవసరమైన సబ్జెక్టుల వారికి మాత్రం ఇంకో ఏడాది ఆగి మళ్లీ పరీక్ష రాయమనే చెబుతాను. అలా ఆగేవారు ఆ ఏడాదిలో ఆదాయ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు మళ్లీ కొత్తగా తీసుకోవాలి.